గోవిందప్ప కుట్టిన మూడో చొక్కా

మా బ్యాండు విదేశాల్లో తిరిగిన రోజుల్లో, పాటకూ పాటకూ నడుమ నేనొక కథ చెప్పేవాణ్ణి. "మా అసలు డ్రమ్మరు కుప్పంలో ఉన్నాడు. విమానం ఎక్కాల్సిన వారంలోనే వాళ్ల ఊళ్లో గంగమ్మ జాతరకు చాటింపు వేశారు. చాటింపు పడ్డాక పొలిమేర దాటకూడదని వాళ్లమ్మ పట్టుబట్టింది. పాపం, ఇంటికాడే ఉండిపోయాడు." జనం పగలబడి నవ్వేవారు. కౌలాలంపూర్‌లో నవ్వారు, సింగపూర్‌లో నవ్వారు, మారిషస్‌లో ఒక పెద్దాయన కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు. ఎనిమిదేళ్లు చెప్పాను ఆ కథ. అందులో ఎంత అబద్ధముందో నాకు తెలుసనే అనుకున్నాను. నాకు తెలిసింది సగమే.

గోవిందప్ప దర్జీ. కుప్పం బజారు వీధిలో వాళ్ల నాన్న పెట్టిన బట్టల కొట్టు, కొట్టు అరుగు మీద కాలితో తొక్కే కుట్టు మిషను. నాన్న పోయాక కొట్టు తల్లి బయ్యమ్మ చూసుకునేది, మిషను ఇతను. మదనపల్లెలో డిగ్రీ చదివేటప్పుడు నాకూ లోకేష్‌కూ స్నేహితుడయ్యాడు. నాది పుంగనూరు, పేరు దొరస్వామి, గిటారు వాయిస్తూ పాడతాను. లోకేష్‌ది మదనపల్లె, కీబోర్డు. లోకేష్ వాళ్ల నాన్నకు టమోటా మండీ ఉండేది. పంట రాని నెలల్లో వాళ్ల గోడౌను ఖాళీ. ఖాళీ పెట్టెల మధ్య, కుళ్లిన టమోటా వాసనలో మేం పాటలు కట్టుకున్నాం. సినిమా పాటలు కావు, మా సొంతవి. బ్యాండు పేరు కోసం ఎక్కువ ఆలోచించలేదు, గోడౌన్ అనే పెట్టేశాం.

పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా వాళ్లు వదిలేసిన పాత డ్రమ్ముల సెట్టు ఒకటి లోకేష్ పట్టుకొచ్చాడు. దాని ముందు ఎవరు కూర్చోవాలో తెలియక మేం చూస్తుంటే, గోవిందప్ప చెప్పులు విడిచి, స్టూలు మీద కూర్చుని, పెడల్ మీద కాలు పెట్టాడు. నేర్పినవాళ్లు లేరు. పదమూడో ఏటి నుంచి మిషను తొక్కిన కాలు అది. దర్జీ గుడ్డ మూల దగ్గరికి వచ్చినప్పుడు సూదిని గుడ్డలోనే దింపి ఆగుతాడు, గుడ్డ తిప్పుతాడు, మళ్లీ తొక్కుతాడు. గోవిందప్ప దరువులోనూ ఆ ఆగడం ఉండేది. పాట పరుగెత్తుతూ పరుగెత్తుతూ ఒక్క క్షణం నిలబడి, మళ్లీ దూకేది. మేం దాన్ని మలుపు అనేవాళ్లం. నిజం చెప్పాలంటే మా పాటల్లో వినదగ్గది ఆ మలుపే. నా గొంతు అంతంత మాత్రం.

తొంభై ఏడులో ఒక క్యాసెట్టు చేశాం. శని ఆదివారాలు హార్స్లీ హిల్స్‌లో ఒక హోటలు పచ్చిక మీద పాడేవాళ్లం. గోవిందప్ప శనివారం పొద్దున కుప్పంలో బస్సెక్కి, పలమనేరు, పుంగనూరు మీదుగా వచ్చేవాడు. దారిలో నేనూ ఎక్కేవాణ్ణి. ఒకరోజు అక్కడికి మలేషియా నుంచి వచ్చిన తెలుగాయన మా పాటలు విని, క్యాసెట్టు పట్టుకెళ్లాడు. నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది. వాళ్ల తెలుగు సంఘం మమ్మల్ని పిలిచింది. మే నెలలో, పదకొండు కచేరీలు.

ఇక్కడి నుంచి నేను మంచివాణ్ణి కాదు.

గోవిందప్ప వట్టి కాళ్లతో వాయించేవాడు. హార్స్లీ హిల్స్‌లో ఎవరో అమ్మాయిలు ఆ కాళ్లు చూసి కిసుక్కున నవ్వారు. అతను పట్టించుకోలేదు, నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. విదేశంలో ఇలా కుదరదని బూట్లు కొనిపించాను. ఒక్క పూట వేసుకున్నాడు. మలుపు రాలేదు. విప్పి పక్కన పెట్టి, "బూటేస్తే కాలికి ఏమీ తెలీదప్పా దొరసామీ" అన్నాడు. బెంగళూరులో ఒక డ్రమ్మరు నాకు తెలుసు. మంచి బూట్లు, కర్రలు గాల్లో తిప్పి పట్టుకునే సోకు. గంగమ్మ జాతర మేలోనే వస్తుందని, గోవిందప్ప ఇంట్లో ఆ పట్టింపు ఉందని కూడా నాకు తెలుసు. వీసాల కోసం ఏజెంటుకు మూడు పాస్‌పోర్టులు ఇవ్వాల్సిన చోట, బెంగళూరు అతనిదీ కలిపి నాలుగు ఇచ్చాను. ఎందుకైనా మంచిదని లోకేష్‌తో అన్నాను. గోవిందప్పతో అనలేదు.

మద్రాసులో విమానం ఎక్కడానికి మూడు రోజుల ముందు కుప్పం నుంచి ఫోన్ చేశాడు.

"దొరసామీ, చాటింపు పడింది. గంగమ్మ సిరసు ఊరేగింపు అయ్యేదాకా పొలిమేర దాటద్దని మాయమ్మ ఒకటే ఏడుస్తాండాది. నేను రాలేనప్పా. ఏం జేసేది?"

ఏం చేసేదని అడిగాడు. రమ్మంటే వచ్చేవాడేమో. నాలుగు రోజులు ఆలస్యంగా రా, టికెట్టు మారుస్తానన్నా వచ్చేవాడు. నేను "సరేలే గోవిందప్పా, వచ్చేసారి చూద్దాం" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తొందరగా వచ్చిందో తలుచుకుంటే నా మీద నాకే అసహ్యమేస్తుంది. ఫోన్ పెట్టేసి వెంటనే ఏజెంటుకు చేసి టికెట్టు బెంగళూరు అతని పేర కొనమన్నాను.

అప్పటికే గోవిందప్ప మా ముగ్గురికీ చొక్కాలు కుట్టి పుంగనూరు బస్సులో పంపాడు. పసుపు కొమ్ము రంగు గుడ్డ, నల్ల కాలరు. మూడోది అతని కొలత. దాన్ని బెంగళూరు అతనికి తొడిగాం. భుజాలు జారిపోయాయి. ఆ టూరులో తీసిన ఫోటోలన్నిటిలోనూ అతని చేతులు మోచేతుల దాకా చొక్కాలో మునిగి ఉంటాయి.

టూరు బాగా జరిగింది, బాగా కంటే ఎక్కువే జరిగింది. క్యాసెట్టు అక్కడ ఇంటింటికీ పాకిపోయి ఉంది, మాకంటే ముందు జనమే పాడారు. ఆ ఏడే మళ్లీ పిలిచారు. తర్వాత సింగపూరు, మారిషస్, ఒక వేసవిలో జర్మనీ. క్యాసెట్టులో ఉన్న మలుపు కచేరీలో లేదని అడిగినవాళ్లు ఉన్నారు. బెంగళూరు అతను ఎంత తంటాలు పడినా అది రాలేదు. చివరికి క్యాసెట్టులోంచి ఆ ముక్క కోసి, కీబోర్డులో ఎక్కించి, లోకేష్ మీట నొక్కేవాడు. కుప్పం కాలు వాయిస్తుంటే బెంగళూరు మనిషి నటించేవాడు. ఆ లోటు కప్పడానికే నేను పొలిమేర కథ మొదలుపెట్టాను. ఒక పత్రికవాళ్లు దాన్ని అచ్చు కూడా వేశారు, బయ్యమ్మ పేరుతో సహా.

ఒక్కసారి కూడా కుప్పం వెళ్లలేదు నేను. ఉత్తరం రాయలేదు. అతని పాస్‌పోర్టు మాత్రం రిజిస్టరు పోస్టులో పంపించాను.

రెండువేల ఐదు చివర్లో బెంగళూరు అతను సినిమాలకు వెళ్లిపోయాడు. పిలుపులు తగ్గాయి. ఆ తర్వాతి ఏప్రిల్‌లో మారిషస్ నుంచి ఒక కబురొచ్చింది, పాత క్యాసెట్టులోలాగా వాయిస్తేనే రమ్మన్నారు. అప్పుడు గుర్తొచ్చాడు నాకు గోవిందప్ప.

కుప్పం వెళ్లాను. కొట్టు అలాగే ఉంది. అరుగు మీద అతనే. జుట్టు ముందు పలచబడింది. నన్ను చూసి లేచి, "రాప్పా దొరసామీ, ఎండలో వచ్చినావు, కూర్చో" అన్నాడు, పోయిన వారమే కలిసినట్టు. మిషను కింద చూశాను. మోటారు పెట్టించుకున్నాడు. కాలు తొక్కడం లేదు, బొటనవేలితో ఒక మీట ఒత్తుతోంది, అంతే. గుడ్డ గిర్రున ఒకే పరుగులో పోతోంది.

లోపలి నుంచి బయ్యమ్మ వచ్చింది. నా చెయ్యి పట్టుకుంది.

"నాయనా, పేపర్లో నన్ను రాసినావంట గదా. ఎదురింటి పంతులు సదివి సెప్పినాడు. నిజమే నాయనా, నేనే అడ్డం పడితిని. వాని బతుకు నేనే సెరిపితిని. ఈసారి తీసకపో, నేను నోరెత్తను."

మజ్జిగ తెస్తానని లోపలికి వెళ్లింది. నేను మారిషస్ సంగతి చెప్పాను. గోవిందప్ప కత్తెర పక్కన పెట్టి విన్నాడు. తర్వాత తల్లికి వినబడకుండా గొంతు తగ్గించాడు.

"ఆ పొద్దు నేను మెడ్రాసుకు వచ్చినా."

"ఏ పొద్దు?" అన్నాను.

"నీకు ఫోన్ జేసినాక రెండు దినాలు మిషను ముందర కూర్చున్నా. కాలు మాట ఇనల్యా. మూడో దినం మాయమ్మకు సెప్పకుండా తెల్లారుజామున రైలెక్కేసినా. పాస్‌పోర్టు నీ సంచిలోనే ఉండాది కదా, మిమ్మల్ని పట్టుకుంటే సాలనుకుంటి. ఏర్‌పోర్టు కాడికి వస్తే అద్దానికి ఆ పక్క మీరు ముగ్గురూ నిలబడి ఉండారు. నా సొక్కా ఎవురో ఏసుకుని ఉండాడు."

"పిలవకపోయినావా గోవిందప్పా? ఒక్క కేక వేసుంటే!"

"పిలుద్దామనే సెయ్యెత్తినా. అప్పుడు గెవనం వచ్చింది. వీసాకు పదైదు దినాలు పడతాదని నువ్వే సెప్పినావు. నేను రానన్నది మూడు దినాల ముందర." సుద్ద ముక్కతో గుడ్డ మీద ఒక గీత గీశాడు. "లెక్క సరిపోయింది. వచ్చేసినా. పొలిమేర దాటిన సంగతి మాయమ్మకు ఈ పొద్దుకీ తెలీదు."

ఎనిమిదేళ్లు. నేను దేశదేశాల్లో నవ్వించినన్నాళ్లూ ఈ మనిషి ఆ లెక్క కడుపులో పెట్టుకుని జాకెట్లు కుట్టుకున్నాడు. క్షమించమని అడగడానికి కూడా సిగ్గేసింది.

"ఆ సొక్కా" అన్నాడు కత్తెర అందుకుని. "వానికి బుజాలు జారినాయి. ఫోటోలో సూసినా. నన్ను అడిగుంటే కొలత తగ్గిచ్చి కుట్టి ఇస్తా ఉంటినే."

మారిషస్‌కు రానన్నాడు. కోపంతో అన్న మాట కాదది. మోటారు వైపు చూపించి, "ఇప్పుడు కాలికి ఆ పని తెలీదప్పా" అన్నాడు.

బయ్యమ్మ మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందుకుని, ఇదైనా చక్కబెట్టి పోదామనుకున్నాను. గోవిందప్ప రైలు సంగతి ఎత్తకుండా నా తప్పు వరకే చెప్పాను. అమ్మా, ఇందులో నీ తప్పేమీ లేదు, వాడు రానని చెప్పకముందే నేను వేరే మనిషిని కుదుర్చుకున్నాను, నువ్వు పంపినా వాడికి చోటు ఉండేది కాదు, వాడి బతుకు చెరిపింది నేను అన్నాను. గోవిందప్ప తలెత్తలేదు.

ఆమె నా ముఖం వంక చూసి, తల నిమిరింది.

"ముసిల్దానికి మనసు నొస్తాదని ఇట్లా సెప్తాండావు. నీది మంచి గుణం నాయనా. అయినా పేపర్లో అంత పెద్దగా ఏసినారే, అబద్దమైతే యాల ఏస్తారు?"

మజ్జిగ తాగి గ్లాసు ఆమె చేతికిచ్చాను. గోవిందప్ప మళ్లీ మిషను ముందు కూర్చుని మోటారు వేశాడు.