విన్నీ గారి వంటింటి కిటికీ

నవ్వకండి మరి, గోడకీ కిటికీకీ తేడా తెలియనివాడు కాదు క్లైవ్. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో ముప్ఫై ఒక్కేళ్లుగా ఇళ్లు వెచ్చబెట్టే గ్యాస్ బాయిలర్లు బిగిస్తున్నాడు. మోకాళ్లు అరిగాయి, చెవి ఒకటి సరిగ్గా వినపడదు, చేతిపనికి మాత్రం ఎవరూ వంక పెట్టింది లేదు. అలాంటివాడే ఆ జనవరిలో విన్నీ గారింట్లో పొరబడ్డాడు.

ఆ రోజు నాలుగింటికి విన్నీ గారి భర్త హెడ్లీని ఆసుపత్రి బండిలో ఇంటికి తెస్తున్నారు. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్న మనిషి. ఇల్లు పద్దెనిమిది డిగ్రీలైనా లేకపోతే వెనక్కి తీసుకుపోతామన్నారు. పాత బాయిలర్ మొన్ననే చచ్చింది. బయట నీళ్లు గడ్డకట్టే చలి. వంటిల్లు చూస్తే ఇద్దరు నిలబడితే మూడోవాడు మెట్లమీద ఉండాల్సిందే.

కిటికీ పక్కన మాత్రమే చోటుంది. క్లైవ్ కిటికీ అంచు మీద వేలు రాసి చూశాడు.

"ఇది తెరుస్తారా అమ్మా?"

"పెళ్లయిన కొత్తలో తెరిచాం నాయనా. ఆ తర్వాత ఏటేటా రంగు పూసి పూసి మూసేశాడు మా ఆయన. నా నోరు మూయించలేక దానిమీద చూపించాడు కోపం!"

అక్కడ ఇళ్లన్నీ అంతే. రంగుతో అతుక్కుపోయిన కిటికీని ఎవరూ కిటికీ కింద లెక్కెయ్యరు. క్లైవూ వెయ్యలేదు. కిటికీకి జానెడు దూరంలో రాతిగోడకి పొగగొట్టం కోసం బొక్క పొడిచాడు.

ఒంటిగంటకి ఇల్లు చూడ్డానికి నర్సు గ్లెనిస్ వచ్చింది.

"అయ్యో, ఈ దుమ్మేంటండీ! ఊపిరాడని మనిషి వస్తున్నాడు," అంటూ కిటికీని అరచేత్తో రెండు గుద్దులు గుద్దింది. రంగు పెళుసుగా చిట్లింది. కిటికీ తెరుచుకుంది.

క్లైవ్ కిటికీకీ బొక్కకీ మధ్య జాన పెట్టి చూశాడు. తెరుచుకునే కిటికీకి పొగగొట్టం అడుగైనా ఎడం ఉండాలి. లేకపోతే ఆ విషపు గాలి తిన్నగా లోపలికే వస్తుంది.

"రెండు మేకులు కొట్టెయ్ నాయనా, ఎవరు చూడొచ్చారు?" అంది విన్నీ.

"ఎండాకాలంలో ఎవరో ఒకరు పీకుతారమ్మా. తప్పు నాది. అవతలి గోడకి పెడతా."

అవతలి గోడకి పళ్లేల అలమర ఉంది. విన్నీ పళ్లేలన్నీ మెట్లమీద పేర్చింది, ఒక్కో మెట్టుకి ఆరు. అలమర తీసేశాక పొయ్యికీ తలుపుకీ మధ్య పద్దెనిమిది అంగుళాలుంది, బాయిలర్ పదహారు. ఇంకో బొక్క, ఇంకో గ్యాస్ గొట్టం, నీళ్ల గొట్టాలన్నీ మళ్లీ కొత్తగా. క్లైవ్ స్పానర్ పట్టుకుని పక్కవాటుగా పడుకున్నాడు. గ్లెనిస్ వెళ్లకుండా టార్చి పట్టుకుని నిలబడింది.







మూడూ నలభైకి గ్యాస్ వదిలాడు. సబ్బు నీళ్లు పూసి ప్రతి అతుకూ చూశాడు. బుడగ రాలేదు. మీట నొక్కాడు. మంట అంటుకోలేదు. మళ్లీ నొక్కాడు. టక్, టక్... భుగ్గుమంది.

బండి వచ్చేసరికి ముందు గదిలో పదిహేను డిగ్రీలే. గ్లెనిస్ బయటికెళ్లి, వెనక్కి తీసుకుపోతానన్న డ్రైవర్‌తో గొడవపడింది. "హీటర్ వేసుకుని బండిలోనే కూర్చోండి. ఈలోగా టీ పంపిస్తా!" హెడ్లీ బండి లోపలి నుంచి తిడుతున్నాడు. "నా ఇంటిముందు నన్నే కూర్చోబెడతారా?" విన్నీ గుమ్మంలోంచి అరిచింది. "నువ్వు రంగు పూయకపోతే పొద్దున్నే అయ్యేది, ముసలోడా!"

పావుతక్కువ ఐదుకి పద్దెనిమిది. హెడ్లీ లోపలికి వచ్చాడు, కుర్చీలో కూలబడి మొదట కిటికీ వైపు చూశాడు.

"ఆ బొక్కేంటి?"

"శనివారం వచ్చి రాయి పెట్టి పూడ్చేస్తా," అన్నాడు క్లైవ్, అందులో పాత తువ్వాలు కుక్కుతూ.

శనివారం గడ్డకట్టే చలి. ఆ చలిలో సున్నం పట్టదు, పెట్టిన రాయి నిలవదు. ఆపై శనివారం కూడా అంతే. క్లైవ్ వ్యానులో రాయి ఉంది, సున్నం సంచీ ఉంది, మంచు మాత్రం ఇంకా వదల్లేదు.