వాసన చూసినట్టు

గ్యాస్ స్టవ్వు బాగుచేసేవాడు పని ముగించాక సిలిండరు దగ్గర వంగి, ముక్కు పెట్టి గట్టిగా పీల్చాలి. అలా పీలిస్తేనే ఇంటివాళ్లకు నమ్మకం. సబ్బు నురగ పూసి ఎంత చూపించినా వాళ్ల కళ్లు మన ముక్కు మీదే ఉంటాయి.

కరోనా జ్వరం వచ్చి పోయాక నా ముక్కు పనిచేయడం మానేసింది. మదనపల్లె టమాటా మార్కెట్టు పక్కన, కుళ్లిన కాయల గుట్ట ముందు నిలబడి టీ తాగుతున్నాను. చుట్టూ ఉన్నవాళ్లంతా ముక్కులు మూసుకుంటున్నారు, నేనొక్కణ్ణే హాయిగా ఉన్నాను. సంగతి అప్పుడు తెలిసింది. మెల్లగా వస్తుందిలే అన్నాడు డాక్టరు. రాలేదు.

ముక్కు పోయిన గ్యాస్ మెకానిక్కును ఎవరు పిలుస్తారు? నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. వంగడం, పీల్చడం, తల ఊపడం మాత్రం మానలేదు. గ్యాసు కారితే నురగలో బుడగ లేస్తుంది, దానికి ముక్కుతో పనేముంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక్క ఇంట్లో తప్ప పోయిన ప్రతి ఇంట్లోనూ నురగ పూశాను. ఆ ఇంటి సంగతి తర్వాత చెబుతాను.

ముందు పుంగనూరు అవ్వ. ఒంటరి మనిషి, నాకు పాత గిరాకీ. "వంటింట్లో వాసన వస్తాండాదప్పా, ఒకతూరి వచ్చి సూడు" అని ఫోన్ చేసింది. పోయాను. సిలిండరులో ఉన్న ఒత్తిడితో గ్యాసు నేరుగా పొయ్యికి వస్తే ఇల్లు నిలవదు. రెగ్యులేటరులో ఒక రబ్బరు పొర, దాని మీద ఒక స్ప్రింగు ఉంటాయి. ఆ రెండూ కలిసి ఒత్తిడిని అణిచి, మంటకు సరిపడేంతే వదులుతాయి. రెగ్యులేటరు మార్చాను, సిలిండరు మూతిలో రబ్బరు వాషరు మార్చాను. పైపు పొడవునా, స్టవ్వు నాబుల చుట్టూ నురగ పూశాను. ఎక్కడా బుడగ లేదు. చివరికి వంగి, అలవాటు ప్రకారం పీల్చాను.

"ఏమీ లేదవ్వా. అంతా నీ భ్రమ."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేనే లైటరు తీసుకున్నాను. నొక్కితే లోపల చిన్న సుత్తి ఒక రాయి మీద కొడుతుంది, ఆ దెబ్బకు రవ్వ పుడుతుంది. టక్కుమంది. మంట నీలంగా, గుండ్రంగా వచ్చింది. చూశావా అన్నట్టు అవ్వ వైపు తిరిగాను. ఆమె కాఫీ కాచి ఇచ్చింది. లోటా ముక్కు దగ్గర పెట్టుకుని "వాసన బలే ఉండాదవ్వా" అన్నాను, ఆ నటన కూడా అలవాటైపోయి.

ఆ సాయంత్రం మదనపల్లెలో మా ఇంట్లో గ్యాసు అయిపోయింది. వంటగట్టు కింద ఉన్న రెండో సిలిండరును బయటికి జరుపుతుంటే చేతులు ఆగిపోయాయి. అవ్వ ఇంట్లో కూడా గట్టు కింద గోనెపట్టా కప్పిన రెండో సిలిండరు ఉంది. దాన్ని నేను ముట్టుకోనేలేదు. దాని పక్కనే నిలబడి రవ్వ పుట్టించాను.

"ఫోన్ చెయ్, ఇంగా యాల సూస్తాండావు?" అంది నా భార్య, సంగతి విని. అవ్వ నంబరు తీశాను. ఏమని చెప్పాలి? నురగకు దొరకనిది ముక్కుకు దొరకలేదా అని ఆమె అడిగితే? పొద్దున్నే పోయి చూస్తాలే అని ఫోన్ జేబులో పెట్టుకున్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది.

మొదటి బస్సుకు పోయాను. తలుపులు, కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి. అవ్వ అరుగు మీద కూర్చుని బొరుగులు తింటోంది. పోయి ఆమె పక్కనే కూర్చున్నాను.

"నువ్వు పోతానే తలుపులన్నీ తెరిసి పెడితిని. పొయ్యి ముట్టిస్తే ఒట్టు. రాత్రి పక్కింట్లో పండుకుంటిని" అంది.

లోపలికి పోయి రెండో సిలిండరుకు వదులుగా ఉన్న మూత తీసి, మూతిలో నీళ్లు పోశాను. బుడబుడమని బుడగలు. మూత బిగించి, పెరట్లోకి దొర్లించి, ఏజెన్సీకి ఫోన్ చేశాను. తర్వాత ఆమె ముందుకొచ్చి, నా ముక్కు సంగతి చెబుదామని నోరు తెరిచాను.

"నాకు తెలుసప్పా. నిన్న నీకిచ్చిన కాఫీలో పోసింది మాడిపోయిన పాలు. ఇల్లంతా కంపు కొడతాంటే నువ్వు వాసన బలే ఉండాదంటివి."

"మరి అప్పుడే యాల అడగలేదవ్వా?"

"కూడు పెట్టే పని గదా. ముకం మీద ఎట్ల అనేది?"

ఆమె తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి, జ్వరం తర్వాత నేను పోయిన ఇళ్లన్నిటికీ మళ్లీ పోయాను. తలుపు దగ్గరే చెప్పాను: "నాకు వాసన తెలీదమ్మా. మీరే దగ్గరుండి సూసి చెప్పండి." కొందరు నవ్వారు. కొందరు మళ్లీ పిలవలేదు. రెండో సిలిండరు ఎక్కడుందో ముందుగా అడుగుతున్నాను.

కుప్పంలో, నురగ పూయని ఆ ఒక్క ఇల్లు మిగిలింది. గ్రానైటు ఫ్యాక్టరీ వెనక ఒకే గది. వంటా పడకా అందులోనే. జ్వరం తర్వాత కొన్నాళ్లకు అక్కడ పైపు మార్చాను. నురగ కలపబోతుంటే పలమనేరు బస్సుకు టైమైంది, పూయకుండానే సామాన్లు సర్దుకున్నాను. సిలిండరుకు రెండడుగుల దూరంలో, కింద చాప మీద పసిబిడ్డ నిద్రపోతోంది. గ్యాసు గాలి కంటే బరువు, కారితే నేల మీదే పరుచుకుంటుంది. ఇది తెలిసినవాణ్ణి నేనే. ఆ తల్లికి జలుబు, ముక్కు చీదుకుంటూ అడిగింది: "నాకేం తెలీడంలేదు. వాసన లేదు గదా అన్నా?"

వంగి పీల్చాను. "లేదమ్మా" అన్నాను.

మళ్లీ పోయేసరికి గదికి తాళం. "బెంగుళూరికి పోయినారు. స్టవ్వు, సిలిండరు అన్నీ రైల్లో ఎత్తుకపోయినారు. యాడుండారో తెలీదప్పా" అంది పక్కింటామె. ఫోన్ నంబరు పనిచేయడంలేదు.

ఏమీ జరిగి ఉండదు. చాలా పైపులు మొదటిసారే సరిగ్గా కూర్చుంటాయి. నా చేతిపని మీద నాకు నమ్మకముంది. అయినా బెంగుళూరు వార్తలో సిలిండరు అన్న మాట కనబడితే ఏ పేట, ఎంతమంది, పసిబిడ్డ ఉందా అని చివరిదాకా చదువుతాను.

ఈమధ్య ఒక్కోసారి ఉన్నట్టుండి గ్యాసు వాసన వస్తుంది. ముక్కు బాగైందేమోనని మొదటిసారి ఎగిరి గంతేశాను. పక్కవాళ్లను అడిగితే ఏమీ లేదన్నారు. మిగతా ఏ వాసనా తిరిగి రాలేదు, అదొక్కటే వస్తుంది. వచ్చినప్పుడల్లా ఆ తల్లి గొంతు వినబడుతుంది, వాసన లేదు గదా అన్నా అని. ఉందమ్మా అంటాను, బిడ్డను ఎత్తుకుని బయటికి రా అంటాను.