దొయిమతి ఒట్టు, నా మాట

మా ఆఫీసులో నాకు జాగ్రత్తపరుడని పేరు. ఏళ్ల తరబడి ఆ పేరు మోస్తున్నాను. మెడలు లాగేస్తున్నాయి. ఎందుకంటే అది నాది కాదు, ఒకావిడ దగ్గర కొట్టేసింది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. ముఖం తెలిసినవాళ్లతో చెప్పే దమ్ము నాకింకా రాలేదు.

అరకులో మా సంస్థ కొండ ఊళ్ల వాళ్లకు రక్తపరీక్షలు చేయిస్తుంది. పుట్టుకతోనే రక్తంలో వచ్చే సికిల్‌సెల్ జబ్బు ఇక్కడ ఎక్కువ. పర్యాటకులకు ఊళ్లలో బస కుదిర్చే వెబ్‌సైట్ కూడా మాదే. ఈ రెంటికీ సంబంధించిన ప్రోగ్రాములన్నీ ఒకే క్లస్టర్ మీద నడిచేవి, దాన్ని చూసుకునేది నేను. క్లస్టర్ అంటే పెద్ద ఇల్లనుకోండి. ఒక్కో ప్రోగ్రాము ఒక్కో కంటైనర్‌లో, అంటే ఒక్కో గదిలో ఉంటుంది. వీధి తలుపుకు తాళం ఉంటుంది గాని, గదుల మధ్య తలుపులు మనం మూయకపోతే బార్లా తెరిచే ఉంటాయి. ముందు అన్నీ మూసేసి, పనున్నవాళ్లకే తెరిచేలా నియమాలు రాయాలి.

రాశాను. నిజంగానే రాశాను. ప్రారంభోత్సవం రోజు, పెద్దలంతా వేదిక మీద కూర్చున్నాక, బస వెబ్‌సైట్ తెరుచుకోలేదు. ఏ ప్రోగ్రాము ఎక్కడుందో చిరునామా చెప్పే సర్వీసు ఒకటుంటుంది, అన్నీ మూసే హడావిడిలో దానికి కూడా దారి మూసేశాను. ఒక్క లైను చేరిస్తే సరిపోయేది. డైరెక్టర్‌గారు నా వెనకే నిలబడి "బేగి కానీ, బేగి" అంటున్నారు. నియమాలన్నీ మొత్తంగా తీసిపారేశాను. పేజీ తెరుచుకుంది, చప్పట్లు కొట్టారు. రేపు మళ్లీ పెడదామనుకున్నాను. ఆ రేపు ఎందుకు రాలేదు? పని ఒత్తిడి అని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అబద్ధం. మళ్లీ ఏదైనా ఆగితే తిట్లు తినాలని బద్ధకించాను. రక్తపరీక్షల డేటాబేస్‌కైతే, లోపలి నుంచి వచ్చేవాళ్లకు పాస్‌వర్డ్ కూడా పెట్టలేదు. లోపలివాళ్లే కదా అనుకున్నాను.

దొయిమతి మా ఆరోగ్య కార్యకర్త. అసలు పేరు ఇది కాదు, మార్చాను. ఫలితాలు నలుగురికీ తెలిస్తే ఆడపిల్లలకు చిన్నతనమని వాళ్ల ఊళ్లో మొదట్లో ఎవరూ రక్తం ఇవ్వలేదు. అప్పుడావిడ ఊరి దేవత రాయి మీద చెయ్యి పెట్టి, ఎవరి పేరూ తన నోట రాదని ఒట్టు వేసింది. ఆ ఒట్టు చూసే వాళ్లు చేతులు చాపారు. మా పోస్టర్లు చూసి కాదు.

ఒక వానాకాలం, జబ్బున్న ఆడపిల్లల పేర్లు ఫోన్లలో తిరగడం మొదలైంది. సంతలో వేలు పెట్టి చూపించుకునేవారు. ఒక పిల్ల హాస్టల్ మానేసి ఇంట్లో కూర్చుంది. నేను వెతికితే కారణం వెంటనే దొరికింది. బస వెబ్‌సైట్‌లో ఏదో కంత ఉంది. ఎవరో అందులోంచి దూరి, నేను మూయని తలుపులోంచి నడుచుకుంటూ డేటాబేస్ దాకా వెళ్లారు. టూరిస్టుల గదులు చూసుకునే ప్రోగ్రాముకు ఆడపిల్లల రక్తంతో ఏం పని? ఏ పనీ లేదు. అయినా నేను వెళ్లనిచ్చాను. తలుపులు మూసేశాను, ఆనవాళ్లు చెరిపేశాను, నోరు మూసుకున్నాను.

ఊరివాళ్లు దొయిమతిని నిలబెట్టి అడిగారు. ఆవిడ మళ్లీ అదే రాయి మీద చెయ్యి పెట్టి, నేను చెప్పలేదంది. నమ్మారు. ఆ రాయి మీద ఒట్టు వేశాక అక్కడ ఇంకో ప్రశ్న ఉండదు. నమ్మనిది మేము. "ఈళ్ల నోట్లో మాట నిలస్తాదేటి? తాగేసి ఎక్కడో వాగేసుంటాది" అన్నారు డైరెక్టర్‌గారు. ఇప్పటికీ ఆ మాట తలచుకుంటే ఒళ్లు మండిపోతుంది. ఆవిడ తాగగా ఆయన చూశాడా? ఎవరైనా చూశారా? గదిలో ఉన్న మేమంతా మైదానం నుంచి వచ్చినవాళ్లమే, ఒక్కరం అడగలేదు. సమాచారం మన సిస్టమ్ నుంచి పోయిందా అని ఆయన నన్నడిగారు. లేదన్నాను. అంతే, ఆవిడ ఉద్యోగం పోయింది.

అంతటితో ఆగినా బాగుండేది. కంప్యూటర్‌లోంచి పోలేదట అన్న కబురు ఊరు చేరింది. దేవత ముందు వేసిన ఒట్టును నమ్మినవాళ్లే అనుమానంలో పడ్డారు. ఆడవాళ్లు పరీక్షలకు రావడం మానేశారు. ఒకరోజు దొయిమతి తడిసిన గొడుగుతో మా ఆఫీసు వరండాలోకి వచ్చింది.

"బాబూ, మీ మిషను అబద్దం సెప్తాదేటి?"

"చెప్పదక్కా" అన్నాను.

"దేవత కాడ ఒట్టేసినాను. నానెవులికీ సెప్పనేదు. మిషను తనూ సెప్పనేదంటంది. మరి పేర్లెలాగ పోనాయి?"

నేను గోడ వైపు చూశాను.

"నాకే తెలీకండా సెప్పేసినానేటి బాబూ? నిద్దర్లో గాని?"

"ఏమో అక్కా" అన్నాను.

నియమాలు తీసేయడం తప్పే, కాని తొందరలో చేసింది. ఈ "ఏమో" అలాంటిది కాదు. తాపీగా, ఆవిడ కళ్లముందు కూర్చుని అన్నాను. తన మాట మీద తనకున్న నమ్మకాన్ని కూడా ఆవిడకు మిగల్చలేదు. ఇప్పుడు నేను ఊళ్లు తిరిగి కుర్ర ఇంజనీర్లకు పాఠాలు చెబుతున్నాను. క్లస్టర్ లోపలి నుంచి వచ్చినా సరే ఎవరినీ ఊరికే నమ్మకండి, నువ్వెవరని అడగండి, ప్రతి మాటనూ సరిచూడండి అంటాను. రాసుకుంటారు. మరి మేము చేసిందేమిటి? ప్రోగ్రాములన్నిటినీ అడక్కుండా నమ్మాం. ఆ ఒక్క మనిషినే నమ్మలేదు. మొన్నీమధ్య డైరెక్టర్‌గారితో సగం చెప్పబోయాను. "పాత సంగతులు ఇప్పుడెందుకయ్యా" అని టీ తెప్పించారు. ఆయన మీద కోపం వచ్చింది. ఆ టీ తాగిన నా మీద ఇంకా ఎక్కువ వచ్చింది.

ఇంకొకటి ఉంది. అది చెప్పకపోతే ఇంతా రాసి ప్రయోజనం లేదు.

ఆ ఊళ్లో తప్పు చేసినవాళ్లు మేకను కోసి ఊరందరికీ భోజనం పెట్టి, మళ్లీ నలుగురిలో కలుస్తారు. తెలియకుండా నోరు జారి ఉంటానని దొయిమతి తనంతట తానే ఆ భోజనం పెట్టింది. ఆఫీసు వాళ్లను కూడా పిలిచింది. వెళ్లకపోతే అనుమానం వస్తుందని వెళ్లాను. పంక్తిలో కూర్చున్నాను. ఆవిడే వడ్డించుకుంటూ వచ్చి, నా ముందు ఆగి, "సరిగా తిను బాబూ" అంది.

తిన్నాను. ఆవిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఆ మేకను కోయాల్సింది నేను.