ఆదివారం ఊటకు రావలసిన సారు

మా హాకీ సారు మొన్న శనివారం పొద్దున పోయారు. కాఫీ తాగి కుర్చీలో వెనక్కి వాలారట, మళ్ళీ లేవలేదు. ఫోన్ వచ్చేసరికి నేను బళ్ళారిలో జీన్స్ వాషింగ్ యూనిట్లో షిఫ్టులో ఉన్నాను. ఏడుపు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది కోపమే. మరుసటి రోజు ఆయన మా ఇంటికి ఊటకు, అంటే భోజనానికి, రావలసి ఉంది. ఆటగాడి ఇంటికి సారు భోజనానికి వచ్చారంటే ఒకటే అర్థం, వాణ్ణి టీములోంచి పంపేస్తున్నారని.

బయటివాళ్ళకు ఇది వింతగా ఉంటుంది. మిగతా టీముల్లో పేర్లు రాసి గోడకు అంటిస్తారు, ఇప్పుడైతే వాట్సాప్‌లో పెడతారు. మా సారు అట్లా ఎన్నడూ చేయలేదు. ఒకణ్ణి తీసేయాలన్నా, వేరే టీముకు ఇచ్చేయాలన్నా వాళ్ళింటికి వెళ్ళి, నేల మీద కూర్చుని తిని, చేయి కడుక్కోకముందే ఇంటి పెద్దలకు చెప్పేవారు. మేం విసుక్కునేవాళ్ళం. ఈయన ఇల్లిల్లూ తిరిగి జొన్నరొట్టెలు తినేలోపల మంచి ఆటగాళ్ళను పక్క టీములు ఎగరేసుకుపోయేవి. ఫోన్ చేసి చెబితే ఏం పోతుందని ఒకసారి మొహం మీదే అడిగాను.

"ఆడేవాడు నాలుగు దినాలు అలిగి మర్చిపోతాడప్పా," అన్నారు తాపీగా. "ఇంట్లోవాళ్ళే మా పిల్లోడు ఏం తప్పు చేసినాడో అని కుమిలిపోతాంటారు. ఆ మాట నేనే పోయి సెప్పాల."

ఆటగాణ్ణి ఎంచడంలోనూ ఆయన లెక్క వేరు. ఎవడైనా గోల్ కొడితే మేమంతా గంతులేసేవాళ్ళం, ఆయన అప్పుడే కళ్ళద్దాలు తీసి తుడుచుకునేవారు. "బాల్ పోగొట్టుకున్నంక వాడు ఎట్ల వెనక్కి తిరుగుతాడో సూడప్పా. బాల్ ఉంటే అందరూ శూరులే" అనేవారు. నాకు స్టిక్ పట్టడం నేర్పింది ఆయనే. ఎవడికీ పనికిరాని వయసులో నన్ను మనిషిని చేసింది ఆయనే. అంత చేసిన మనిషి మీద కోపం ఉండకూడదు. కానీ ఉంది.

ఈసారి తగువు సిరిగేరి టీముతో వచ్చింది. వాళ్ళ దగ్గర చురుకైన లెఫ్ట్ వింగ్ ఆటగాడు ఒకడున్నాడు. వాణ్ణి మీకిస్తాం, మీ ఫుల్‌బ్యాకుల్లో ఒకణ్ణి మాకివ్వండి అన్నారు. మాలో గోలు ముందు కాచే ఫుల్‌బ్యాకులం ఇద్దరమే. నేను, ఎమ్మిగనూరు నుంచి వచ్చే ఒక పిల్లవాడు. పదహారేళ్ళుగా ఆ చోటు నాది కాబట్టి పిల్లవాణ్ణే ఇచ్చేద్దామని గురువారం ప్రాక్టీసు అయ్యాక సారుకు గంటసేపు నచ్చజెప్పాను. అనుభవం అన్నాను. షార్ట్ కార్నర్లు ఎవరు ఆపుతారన్నాను. ఆయన అంతా విని, నా స్టిక్కుకు ఊడిపోయిన టేపు మళ్ళీ చుట్టి చేతికిచ్చి, "ఆదివారం మీ ఇంటికి ఊటకొస్తానప్పా" అన్నారు.

అంతే. ఆ ఒక్క ముక్క అక్కడే తేల్చి చెప్పి ఉంటే నేను అరిచేవాణ్ణి, స్టిక్ విసిరికొట్టేవాణ్ణి, అయిపోయేది. ఇప్పుడు పోట్లాడదామన్నా మనిషి లేడు. పైగా అంత్యక్రియలయ్యాక టీమువాళ్ళు నా చుట్టూ చేరి, నువ్వే సీనియర్‌వి, సిరిగేరికి ఎవరిని పంపేదీ బుధవారంలోగా నువ్వే తేల్చు అన్నారు. సారు మా ఇంటికి ఊటకు రావలసిన సంగతి అందరికీ తెలుసు. ఒక్కడూ ఎత్తలేదు. టీములో నా పేరు నేనే ఉంచుకుంటే కాదనేవాడు లేడు. ఆ ఆలోచన నాకు రాలేదని అబద్ధం చెప్పను.

సోమవారం నాకు సెలవు. పొద్దున ప్రాక్టీసులో ఆ పిల్లవాణ్ణి కావాలనే పక్కన పెట్టుకుని ఆడాను. రెండుసార్లు బాల్ పోగొట్టుకున్నాను. రెండుసార్లూ ఫౌల్, ఫౌల్ అని అరుస్తూ అక్కడే నిలబడిపోయాను. పిల్లవాడు నా చోటుకు పరుగెత్తుకొచ్చి ఆపాడు. బాల్ మళ్ళీ నాకే ఇచ్చి తన చోటుకు వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

మధ్యాహ్నం ఇంటికొస్తే మా నాయన భోజనానికి కూర్చుని ఉన్నాడు. నా మ్యాచు ఎక్కడుంటే అక్కడికి బస్సెక్కి వచ్చే మనిషి ఆయన. పక్కన కూర్చుని, ఈ ఏడు నుంచి సిరిగేరి టీముకు ఆడతానని చెప్పాను. ఆయన నమలడం ఆపి నా వైపు చూశాడు.

"సారు సెప్పినాడా?"

"సెప్పినాడు నాయనా."

ఎప్పుడు, యాడ అని ఆయన అడగలేదు.

"అట్లయితే సరేలే. సారు సెప్పినాడంటే నీ తప్పేమీ ఉండదు."

తన రొట్టెను సగానికి విరిచి నా కంచంలో వేశాడు. వంకాయ కూర గిన్నె నా వైపు జరిపాడు.