కార్ల కోసం ఆగిన పూజ

సిరోంచ బజారులో, బట్టల దుకాణాల వెనక ఉన్న కథోలిక చర్చికి బాలన్న ఇరవై ఏడేళ్లుగా ఉపదేశి. ఫాదర్ లేనప్పుడు ప్రార్థన చెప్పడం, పిల్లలకు జపాలు నేర్పడం, చచ్చినవాళ్లకు గుంత తవ్వించడం, గంట కొట్టడం, అన్నీ ఆయన పనే. ఇంత సేవ చేసినా ఆయనకు మనుషుల మీద ప్రేమ పెరగలేదు. ముఖ్యంగా కార్లలో వచ్చేవాళ్ల మీద.

వాళ్లంతా ఒకప్పుడు ఈ బజారువాళ్లే. ఉద్యోగాలొచ్చి మంచిర్యాలకూ చంద్రపూర్‌కూ పోయారు. పోయినవాళ్లు పోయినట్టు ఉండరు. చర్చి కమిటీ వాళ్లదే, ఫ్యాన్ల రెక్కల మీద పేర్లు వాళ్లవే. బిడ్డ పెళ్లికి ఈ చర్చే కావాలి, పాత గోడ ఫొటోలో బాగా పడుతుందట. నాన్న సమాధికి సున్నం వేయించావా అని ఫోనులో అడుగుతారు. వేసేది బాలన్న.

కమిటీ పెద్ద అజయ్‌కుమార్ మంచిర్యాలలో ఉంటాడు. ఆదివారం పొద్దున ఏడింటికి ఫాదర్ చేసే పూజ తమకు అందడం లేదని నాలుగేళ్ల కిందట దాన్ని పదిన్నరకు మార్పించాడు. పదిన్నర కూడా ఉత్త మాటే. ప్రాణహిత నది బ్రిడ్జి దాటి అతను ఫోను చేసి "దాటినం అన్నా" అంటేనే పూజ మొదలయ్యే రెండో గంట మోగాలి. బాలన్న ఒక చేత్తో తాడు, ఒక చేత్తో ఫోను పట్టుకొని నిలబడేవాడు. ఆనాడు దీనికి తలూపింది ఆయనే. అందుకే ఆ అసహ్యంలో తనకూ ఒక వాటా పెట్టుకునేవాడు.

దెబ్బ పక్కనున్న బామ్ని ఊరి రైతులకు తగిలింది. అక్కడి మల్లక్క వెంట ఇరవై మంది తెల్లారే ఆటోల్లో వచ్చి, పూజ చూసుకొని, ఎండెక్కకముందే మళ్లలో దిగేవాళ్లు. పదకొండున్నర దాకా బెంచీల మీద కూర్చోవడం వాళ్ల వల్ల కాలేదు. ఒక్కొక్కరే మానేశారు. ఇటు కార్లూ తగ్గాయి. నాలుగు రెండయ్యాయి, రెండు ఒకటయ్యాయి.

మొన్న నాట్ల రోజుల్లో బిషప్ ఇంటి నుంచి కబురొచ్చింది. వచ్చే ఆదివారం ముప్పై మంది కనిపించకపోతే ఇక సిరోంచలో పూజ నెలకొక్కసారే.

"ఫికర్ చెయ్యకే. నాలుగు బండ్లల్ల యాభై మందిని తెస్త" అన్నాడు అజయ్‌కుమార్. నాలుగు కార్లలో యాభై మంది ఎట్లా పడతారో బాలన్న అడగలేదు. శనివారం లేచి బామ్ని పోయాడు. మల్లక్క మోకాళ్ల దాకా బురదలో ఉంది.

"రేపు జర రాండ్రి మల్లక్కా. మనుషులను లెక్కవెడ్తరట."

"ఓహో, లెక్కకు యాదికొచ్చినమా? ఏడింటికైతే వస్తం. పెడ్తవా?"

"కమిటోళ్లు పదిన్నర అన్నరు గదా..."

"అయితే ఆళ్లనే కూసోవెట్టుకో. ఆళ్ల కార్లొచ్చేదాక నా నారు ఆగుతదా?"

పక్క మడిలోంచి ఇంకొకామె నడుము ఎత్తకుండానే అంది, "బావా, గా ఉన్నోళ్లనే రెండుసార్లు లెక్కవెట్టరాదు!" ఆడవాళ్లంతా నవ్వారు.

ఆ సాయంత్రం పూజ ఏడింటికి పెట్టమని ఫాదర్‌ను బతిమాలితే ఆయన కమిటీని అడగమన్నాడు. అజయ్‌కుమార్‌ను అడిగితే, "ఏడింటికా? మా పిల్లలు లేవద్దాయె?" అన్నాడు.

ఆదివారం బజారు నుంచి తొమ్మిది మంది వచ్చారు. ముసలి సోనుబాయి ముందు బెంచీలో కునుకు తీసింది. పదకొండైంది. ఇరవై నిమిషాల తర్వాత ఫోను మోగింది. "అన్నా, ఇయ్యాల మా చెల్లె నేహా ఇంట్ల ఫంక్షనుండె, యాది మరిచినం. ఫాదర్‌కు జర చెప్పు."

బాలన్నతో కలిపి పది అని ఫాదర్ కాగితం మీద రాసుకున్నాడు.

సోమవారం సంగతి తెలిసి అజయ్‌కుమార్ హుషారుగా ఫోను చేశాడు. "మంచిగైంది లే అన్నా! నెలకొక్కసారంటే అందరం పక్కా వస్తం. కాకపోతే రెండో ఆదివారం పెట్టుమను. మొదటిది మాకు కుదరదు."

బాలన్న మాట మధ్యలో ఫోను కట్ చేశాడు. ఒక చర్చి చచ్చిపోతుంటే దినాల తేదీ తమకు వీలుగా పెట్టించుకునే మనుషులు వీళ్లు, అనుకున్నాడు.

తర్వాతి ఆదివారం ఇక ఫాదర్ వచ్చే వారం కాదు. బాలన్న చర్చికి తాళం వేసి, ప్రార్థన పుస్తకం సంచిలో పెట్టుకొని మొదటి ఆటోలో బామ్ని పోయాడు. మనుషులను కూడగట్టాలి, కూర్చోబెట్టాలి, తానే చెప్పాలి అని దారి పొడుగునా లెక్క వేసుకున్నాడు.

మల్లక్క వాకిట్లో పద్దెనిమిది మంది యూరియా సంచులు పరుచుకొని కూర్చున్నారు. జపమాల సగం అయిపోయింది. చెప్పిస్తున్నది మల్లక్కే. ఆయన్ను చూసి ఎవరూ లేవలేదు, ఆగలేదు.

"ఆరింటికే మొదలువెట్టినం. మళ్లకు పోవద్దా? కూసో," అని మల్లక్క తర్వాతి పూస పట్టుకుంది.

బాలన్న సంచిలోంచి పుస్తకం తీయలేదు. వెనక వరసలో కూర్చొని, ఆమె చెప్పే జపానికి అందరితో పాటు బదులు చెప్పాడు.