నలభై మూడో చిల్లు

ఆ రోజుల్లో చేతిలో డిప్లొమా ఉన్నవాడికి తెలియని విషయం లోకంలో ఉండదని మా వాళ్లంతా నమ్మేవారు. అందరికంటే గట్టిగా నమ్మినవాణ్ణి నేనే. నరసరావుపేటలో మూడేళ్లు ఆటోమొబైల్ చదివి (చదివింది రెండేళ్లే, మూడో ఏడు సినిమాహాళ్ల సైకిల్ స్టాండుల్లో గడిచింది), నూజెండ్లలో మా ఇంటి అరుగు మీద కాళ్లూపుకుంటూ కూర్చున్న నన్ను మాచర్లలో లారీలు తిప్పే మా పెదనాన్న పిలిపించాడు. ఆయనకు లారీలు కాక ఒక లాంచీ కూడా ఉండేది. ఎప్పుడో వేలంలో మోజుపడి కొన్న పాత మోటారు లాంచీ. ముందు జనం కూర్చునే అర, దాని మీద రేకు కప్పు, ఒక పక్క స్టీరింగు గది, దాన్ని ఆనుకుని ఒక మనిషి పట్టే వంటగది, వెనక ఇంజిను. సాగర్ నీళ్ల మీద షికారు చేయాలనుకునే వాళ్లను ఎక్కించుకు తిప్పేవారు. ఆ ఏడు ఎండాకాలంలో వచ్చిన గాలివానకు అది మోకులు తెంపుకుని ఒడ్డునున్న బండల మీదికి ఎక్కి కూర్చుంది. తర్వాత నీళ్లు బాగా వెనక్కి పోవడంతో పొడినేల మీద ఒక పక్కకు ఒరిగి అక్కడే ఉండిపోయింది. "ఒరేయ్, దాన్ని బాగుచేయించాలా, తుక్కు కింద ఇచ్చెయ్యాలా, ఏందో నాకు తెగట్లా. నువ్వు పోయి అక్కడే ఉండి ఎన్ని చిల్లులు పడ్డయ్యో లెక్కపెట్టి రాసుకురా. నువ్వు రాసిందే ఖాయం, చదువుకున్నోడివి" అన్నాడు పెదనాన్న. నేను అప్పటిదాకా పడవ ఎక్కి ఎరగనని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

అక్కడికి వెళ్లాక గానీ ఒంటరితనం అంటే ఏమిటో నాకు తెలియలేదు. ఒక పక్క నీళ్లు, అవీ చూపు ఆనేంత దూరంలో. మిగతా మూడు పక్కలా బండలు, ముళ్లకంపలు, ఎండ. నాకిచ్చిన రేకుల షెడ్డులో మధ్యాహ్నం కూర్చుంటే అప్పడం కాలినట్టు కాలేవాణ్ణి. ఫోనుకి సిగ్నల్ ఒక్క లాంచీ కప్పు మీదే దొరికేది. పొద్దున్నే కప్పెక్కి పేటలోని స్నేహితులకు వరసగా చేసేవాణ్ణి. మొదటి వారం అందరూ ఎత్తారు, రెండో వారం ఇద్దరు ఎత్తారు. ఆ తర్వాత నేను కస్టమర్ కేర్‌కి చేయడం మొదలుపెట్టాను. అవతలి అమ్మాయి "ఇంకేమైనా సహాయం కావాలా సార్" అని అడిగేది. ఆ ఊళ్లో (ఊరంటూ ఉంటే) నన్నా మాట అడిగే మనిషి ఇంకొకరు లేరు. "కావాలమ్మా, కాసేపు మాట్లాడు" అనడానికి మొహం చెల్లక, నా కాలర్ ట్యూను మార్చమని అడిగేవాణ్ణి. నెల తిరిగేలోపు తొమ్మిదిసార్లు మార్పించాను. వినడానికి నాకు ఫోన్ చేసేవాళ్లే లేరు.

మనిషి లేడని అనకూడదు. సరంగు మామ ఉన్నాడు. లాంచీ నడిపేవాణ్ణి సరంగు అంటారు. ఈయన మాచర్ల సాయిబు, అరవై దాటినవాడు, ఆ లాంచీ పెదనాన్న చేతికి రాకముందు నుంచీ దాన్ని నడుపుతున్నవాడు. భార్య పోయాక ఇల్లు ఖాళీ చేసి లాంచీలోకే మకాం మార్చేశాడు. అది రాళ్లెక్కాక కూడా దిగలేదు. ఒరిగిన నేల మీదే ఒక వైపు ఇటుకలు పెట్టి మంచం సమం చేసుకుని పడుకునేవాడు. లాంచీ తుక్కుకి పోతే ఆయన క్రోసూరులో తమ్ముడి కొడుకు ఇంటికి వెళ్లాలి. "అక్కడ నాకు తలుపు పక్కన మంచమేస్తారంట. వచ్చేపోయేవోళ్లకి అడ్డంగా ఉంటాను గాని..." అని మొదటిరోజు చెప్పాడు. నేను విన్నాను, అయ్యో అనుకున్నాను, మర్చిపోయాను. నా బాధ నాది. లాంచీ బాగుచేయిస్తే వానలు వచ్చి నీళ్లు నిండేదాకా నేనక్కడ కాపలా ఉండాలి. తుక్కు అని తేలిస్తే ఎల్లుండికల్లా పేటలో ఉంటాను. కాబట్టి నా డిప్లొమా మొత్తం తుక్కు వైపే మొగ్గింది.

సుద్దముక్క పుచ్చుకుని చిల్లుల వేట మొదలుపెట్టాను. ఎక్కడ వెలుతురు కనిపిస్తే అక్కడ గుండ్రంగా సున్నా చుట్టి, పక్కన నంబరు వేసేవాణ్ణి. బల్లలు బిగించడానికి పెట్టిన బెజ్జాలు, కిటికీ పరదాల తాళ్లు దూర్చే బెజ్జాలు, వాననీళ్లు జారడానికి కావాలని వదిలిన బెజ్జాలు, అన్నీ నా లెక్కలో గాలివాన చేసినవే. మూడోరోజు వంటగదికీ స్టీరింగు గదికీ మధ్యనున్న గోడలో పిడికిలి పట్టేంత చిల్లు దొరికింది. ఎంత మురిసిపోయానో! దానికి నలభై మూడు అని మిగతా వాటికంటే పెద్దగా రాశాను. సాయంత్రం సరంగు మామ వచ్చి దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఇది గూడా గాలివానే చేసిందంటావా, ఇంజినీరు గారూ?" అన్నాడు. "మరింకెవరు చేస్తారు మామా!" అన్నాను గొప్పగా. ఆయన ఇంకేమీ అనలేదు. ఆ పూట అనే కాదు, తర్వాత పదిహేను రోజులూ ఏమీ అనలేదు. ఇరవై అడుగుల దూరంలో ఇద్దరం రెండు పొయ్యిలు రాజేసుకుని, ఎవరి టీ వాళ్లు కాచుకుని, ఎవరి పొగ వాళ్లు ఊదుకునేవాళ్లం. ఉన్నదే ఇద్దరం. ఒకడు కోపంతో, ఒకడు బింకంతో అలా కూర్చుని ఉండటం తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం ఏడుపొచ్చేది.

చిల్లులు నూట పదకొండు తేలాయని కప్పెక్కి పెదనాన్నకు ఫోన్లో చెప్పాను. "నూట పదకొండా! అది లాంచీనా, జల్లెడా? నేనే వచ్చి చూస్తా ఉండు" అన్నాడాయన. వచ్చి చూసేటప్పటికి రుజువు సిద్ధంగా ఉండాలి కదా. మా ఊళ్లో కొత్త డ్రమ్ము కొన్నా, పశువులకు తొట్టి కట్టినా నిండా నీళ్లు పోసి, తడి ఎక్కడ ఊరుతుందోనని చుట్టూ తిరిగి చూస్తాం. మెట్ట ప్రాంతం వాడికి తెలిసిన పరీక్ష అదొక్కటే. పెళ్లిళ్లకు నీళ్లు తోలే ట్యాంకరును పిలిపించి, పైపు లాంచీ ముందు అరలోకి దించమన్నాను. అప్పుడు బద్దలైంది సరంగు మామ మౌనం. "ఓరి నీ చదువు తగలెయ్య! పడవలో నీళ్లు పోస్తారంట్రా ఎవరన్నా? ముప్పై ఏళ్ల నుంచి నేను చేసే పనల్లా లోపలి నీళ్లు బయటికి తోడటమే!" అని నెత్తి కొట్టుకున్నాడు. ట్యాంకరాయన ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, పిలిచింది నేనే కనక పంపు తిప్పాడు.

రెండు ట్యాంకర్లు పోయించాను. నూట పదకొండు ధారలు ఒక్కసారిగా చిమ్ముతాయని, తడవకుండా దూరంగా నిలబడి చూశాను. ఒక్క చుక్క లేదు. దగ్గరికెళ్లాను. వంగాను. చివరికి ఒరిగి ఉన్న వైపు పడుకుని కిందికి దూరాను. బండకు కొట్టుకున్న రేకు దగ్గర మూడంటే మూడు చోట్ల నీళ్లు బొట్లు బొట్లుగా రాలుతున్నాయి. నా లిస్టులో అన్నిటికంటే చిన్నగా నంబర్లు వేసినవి అవే, ఎందుకంటే అప్పటిదాకా నేను లాంచీ కిందికి దూరి చూడనేలేదు. మిగతావన్నీ నీళ్లు అందని ఎత్తున ఉన్నాయి. సరంగు మామ నవ్వుతాడనుకున్నాను. నవ్వినా బాగుండేది. గోనెపీచుకు తారు పూసి మూడింటినీ మూసేసి, చేతులు కడుక్కుని, చాప వేసుకుని నమాజుకు కూర్చున్నాడు.

అసలు తంటా అప్పుడొచ్చింది. పోసిన నీళ్లు బయటికి పోవడానికి అడుగున ఉండే బిరడా తుప్పుపట్టి బిగుసుకుపోయింది. నేను సుత్తి తెస్తే సరంగు మామ చూసిన చూపుకి సుత్తి వెనక్కి పెట్టేశాను. మర్నాడు పొద్దున షెడ్డు తలుపు తీసేసరికి లాంచీ పక్కన బిందెలతో ఆడవాళ్లు! బండల మీద పడి సాగర్ దాకా దిగలేక అవస్థపడుతున్న తండా వాళ్లకు ట్యాంకరాయన చెప్పినట్టున్నాడు. "ఏంది తమ్ముడూ, నీళ్లల్లో పడవుండాల గాని పడవలో నీళ్లుండయ్యేంది?" అని ఒక అక్క పగలబడి నవ్వింది. వాళ్ల వెనక మేకలవాళ్లు వచ్చారు. సరంగు మామ పైనుంచి తోడి పోస్తుంటే మేకలు రేకు డబ్బాలో తాగేవి. నీళ్లు అడుగంటుతున్నాయనగానే ఇంకో ట్యాంకరు నేనే పిలిపించాను. (ఎందుకని పెదనాన్న అడిగితే, పరీక్ష ఇంకా పూర్తి కాలేదన్నాను.) ఎవరి ఊరు ఏది, ఎవరి కూతురు నీళ్లాడింది, ఎవరి మేక ఈనింది అన్నీ నాకు తెలిసిపోయాయి. ఆ అక్క రోజూ జొన్నరొట్టె ఒకటి నా చేతిలో పెట్టి, "తిన్నావా తమ్ముడూ?" అనేది. పది రోజులు నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ చేయలేదు. చిల్లు లేని దాంట్లోనే నీళ్లు నిలుస్తాయన్న సంగతి మేకలకు కూడా తెలిసిపోయాక, రిపోర్టులో తుక్కు అని రాయడానికి నాకు చెయ్యి రాలేదు.

పెదనాన్న వచ్చేసరికి లాంచీ చుట్టూ తిరనాళ్ల మాదిరి ఉంది. "ఇంతకీ ఎన్ని చిల్లులురా?" అన్నాడు. "మూడు" అన్నాను తల దించుకుని. "మరి ఫోన్లో నూట పదకొండన్నావే?" "మిగతా నూటెనిమిదీ కట్టినప్పుడే పెట్టినవి పెదనాన్నా. నాకు తెలియలా." ఆయన పడీ పడీ నవ్వాడు. "చిల్లులు లెక్కపెట్టి రారా అంటే అష్టోత్తరం చదివొచ్చావా!" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వులు ఆగాక సరంగు మామ మెల్లగా అన్నాడు. "నూటేడే. ఒకటి నేను పెట్టింది."

ఆయన పెదనాన్నతోనే చెప్పాడు, నా వైపు చూడలేదు. "ఆ నలభై మూడు నేను కొట్టిందయ్యా. మా ఇంటామె వంటగదిలో ఉండేది. స్టీరింగు ఇడిచిపెట్టి నేను రాలేను గదా. చెయ్యి ఇట్టా చాపితే గ్లాసు పెట్టేది" అన్నాడు. నాకు భూమి చీలిపోతే బాగుండుననిపించింది. ఆ మనిషి ఇన్నాళ్లూ అలిగింది లాంచీని తుక్కు అంటున్నానని కాదు. ఆయన చేత్తో చేసుకున్న దాని చుట్టూ సున్నా చుట్టి, ఇది పాడైన చోటని నేను నంబరు వేశాను. అక్కడే ఒక కాగితం అడిగి తీసుకుని, "బాగుచేయించవచ్చు" అని రాసి సంతకం పెట్టాను. వానాకాలం దాకా ఇక్కడే ఉండాలన్నది గుర్తుంది. అయినా పెట్టాను. "రాసిందే ఖాయం అన్నాగా" అని పెదనాన్న మడిచి జేబులో పెట్టుకున్నాడు.

నీళ్లు తోడించాక పేట నుంచి వెల్డింగు మేస్త్రి వచ్చాడు. లారీ బాడీలు కట్టే మనిషి, మాట ప్రకారం పని చేసే మనిషి. నా పాత లిస్టు అతని చేతికి ఎలా పోయిందో గానీ, ఒకరోజు నేను వెళ్లేసరికి కొలత ప్రకారం కోసిన రేకుముక్క పట్టుకుని వంటగదిలో ఉన్నాడు. నేను పరుగెత్తుకెళ్లి ఆ చిల్లుకి వీపు ఆనించి నిలబడ్డాను. "పక్కకి జరగండి సార్, లిస్టులో ఉంది గదా" అన్నాడు. "లిస్టు తప్పు. లిస్టు రాసినోడు తప్పు" అన్నాను. చదువుకున్నవాణ్ణి నేనే అలా అనేసరికి అతను పాపం రేకుముక్క కింద పెట్టి బీడీ వెలిగించుకున్నాడు.

శ్రావణం వెళ్లేవేళకు ఎగువ నీళ్లు వచ్చి, బండలెక్కి, లాంచీ కిందికి చేరాయి. ఒక పొద్దున అది తనంతట తనే నిటారుగా లేచింది. మంచం కోళ్ల కింది ఇటుకలు ఇంక అక్కర్లేదని సరంగు మామ వాటిని తీసి ఒడ్డున పేర్చాడు. మొదటి ప్రయాణం మా ఇద్దరిదే. ఆయన స్టీరింగు దగ్గర, నేను వంటగదిలో. పొయ్యి వెలిగించి టీ కాచాను. ఒక్క పొయ్యే, రెండు గ్లాసులు. ఎలా ఇవ్వాలి, ఏమనాలి అని నేను తటపటాయిస్తుండగా గోడలోని చిల్లులోంచి ఒక ముసలి చెయ్యి వచ్చింది. వేళ్లు విప్పుకుని ఊరికే అలా ఆగింది. నేను గ్లాసు పెట్టాను. చెయ్యి లోపలికి వెళ్లిపోయింది. కాసేపటికి అవతల నుంచి వినపడింది. "చెక్కెర చాల్లా అల్లుడా."

ఇంజినీరు గారు పోయి అల్లుణ్ణయిన ఆ పూట నేను వంటగదిలో కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. పొగ వల్ల అని చెప్పుకున్నాను గానీ, అడిగినవాళ్లెవరూ లేరు.

లాంచీ ఆ తర్వాత ఐదారేళ్లు తిరిగింది. సరంగు మామ దానికంటే ముందే వెళ్లిపోయాడు. క్రోసూరులో కాదు, దాంట్లోనే. తర్వాత దాన్ని నిజంగానే తుక్కుకి ఇచ్చారు. అప్పుడు నేనక్కడ లేను, ఉండమని ఎవరూ పిలవలేదు. ఇప్పుడు నా ఉద్యోగం దెబ్బతిన్న లారీలూ ట్రాక్టర్లూ చూసి, బాగుచేయాలా వద్దా అని రాయడం. పల్నాడంతా తిరుగుతాను. ఊరికొక లాడ్జి, గదికొక మంచం, ఫోనుకి అన్నిచోట్లా సిగ్నల్. పొద్దున షెడ్డుకు వెళ్లి, సుద్దముక్కతో సొట్టల చుట్టూ సున్నాలు చుట్టి నంబర్లు వేస్తాను. నలభై రెండు తర్వాత నలభై నాలుగు వేస్తాను. "సార్, మధ్యలో ఒకటి మర్చిపోయారు" అని షెడ్డువాళ్లు అంటారు. మనిషికి లెక్కలు రావని వెనకాల నవ్వుకుంటారు కూడా. నవ్వుకోనిస్తాను. ఆ ఒక్కటీ పాడైనవాటి లెక్కలోకి రాదని వాళ్లకు ఎలా చెప్పను?