ముద్దమ్మ చెవి కాపలా

కుట్టు మిషన్ల హాలు పక్కనున్న పసిపిల్లల గదిలో ముద్దమ్మ మాటే చట్టం. హాల్లో కుట్టే తల్లుల బిడ్డలందరికీ తొలి ముద్ద తినడం నేర్పింది ఆవిడే కాబట్టి ఆ పేరు స్థిరపడింది, అసలు పేరు మరుగున పడింది. అంతకుముందు ఆవిడ కూడా ఆ మిషన్ల హోరులోనే సగం జీవితం గడిపింది.

ఆవిడ పద్ధతే వేరు. మెత్తని పండు ముక్క బిడ్డ చేతిలో పెట్టి, అటు తిరిగి తన పని చూసుకునేది.

"మనం గుడ్లప్పగించి చూస్తుంటే వాళ్లు తినడం మానేసి మనల్నే చూస్తారు. చెవితో కాపలా కాయాలి. దగ్గినా ఓకరించినా భయం లేదు, నేర్చుకుంటున్నారన్నమాట. చప్పుడు ఆగిందా, పరిగెత్తాలి" అని కొత్త తల్లులకు చెప్పేది.

ఆ చెవే కొన్నాళ్లుగా మొరాయిస్తోంది. ముందు గిలక్కాయ చప్పుడు పోయింది, తర్వాత పొయ్యి మీద గిన్నె ఉడికే చప్పుడు. చెబితే ఈ గదిలోంచి పంపేస్తారు. పిల్లలు లేని రోజు ఎలా గడుస్తుందో ఆవిడ ఊహించుకోలేకపోయింది. ఎదుటివాళ్ల పెదవులు చూసి జవాబులిస్తూ నెట్టుకొచ్చింది.

ఆ రోజు సొంత మనవడి వంతు వచ్చింది. వాడికి అప్పుడే కింది పళ్లు మొలిచాయి. హాల్లోనే కుట్టే కోడలు వాణ్ణి అప్పగిస్తూ ఆగింది.

"అత్తమ్మా, నిన్న వీడు గుక్కపట్టి ఏడుస్తుంటే మీరు వెనక్కి తిరగనే లేదు. వినపడుతోందా మీకు?"

"నావి పాము చెవులు. నువ్వెళ్లి పని చూసుకో."

మనవణ్ణి చిన్న బల్ల ముందు కూర్చోబెట్టి, అరటిపండు ముక్క గుప్పిట్లో పెట్టి, ఆవిడ అటు తిరిగి బంగాళాదుంప మెదపసాగింది. దగ్గు లేదు, ఓకరింత లేదు. బుద్ధిగా తింటున్నాడని మురిసిపోయింది, వెర్రి తల్లి. నిశ్శబ్దం అలవాటైపోయిన మనిషికి అది ఎప్పుడు భయపెట్టాలో తెలియదు.

గుడ్డ కోసం తిరిగేసరికి వాడి ముఖం నీలంగా ఉంది. నోరు తెరిచి, చేతులతో బల్లను కొడుతున్నాడు. ఆవిడ పై ప్రాణాలు పైనే పోయాయి. వాణ్ణి ముంజేతి మీద బోర్లా వేసుకుని, తల కిందికి వంచి, వీపు మీద చరిచింది. మళ్లీ చరిచింది. ముక్క నేల మీద పడింది.

వాణ్ణి తిప్పి చూసింది. నోరు పెద్దగా తెరుచుకుంది, కళ్ల వెంట నీళ్లు. ఆవిడకేమీ వినిపించలేదు. అనుమానంతో తిరిగొచ్చిన కోడలు గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మాయ్, వీడు ఏడుస్తున్నాడా?"

కోడలు ఏదో చెప్పింది. ఆమె పెదవులు వణుకుతున్నాయి, ముద్దమ్మకు ఆ జవాబు అందలేదు.